పట్టణ రవాణాయందు సౌందర్యమునకు చోటు కలదా?

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాటనే కొంచెము మార్చి, వీధిని చూచి పురమును చూడుమని మేము చెప్పుచున్నాము. ఒక పట్టణమునకు క్రొత్తగా వచ్చినవాడు మొట్టమొదట చూచునది ఆ యూరి మేడలను కాదు, కచేరీలను కాదు. తాను బస్సు దిగిన స్థలమును, నిలుచుటకు దొరకిన నీడను, నడచుటకు దొరకిన బాటను. అవి శుభ్రముగను చూడముచ్చటగను ఉన్నయెడల ఆ పట్టణము తన్ను ఆదరించినదని అతడు తలచును. అట్లుగాక బురదయు, దుర్గంధమును, అడుగు వేయ సందులేని రద్దీయు ఎదురైనచో, ఎంత గొప్ప భవనములున్న పట్టణమైనను అతని మనస్సున చిన్నదై పోవును. అయినను రహదారులను గూర్చియు, బస్సులను గూర్చియు, రైళ్లను గూర్చియు మన పట్టణములలో జరుగు చర్చలయందు సౌందర్యమను మాట వినబడుట మిక్కిలి యరుదు. ఎన్ని కోట్లు, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని నిమిషములు అను ప్రశ్నలే వినబడును. అవి యవసరమైన ప్రశ్నలే. కాని యవి మాత్రమే చాలునా యని యీ వ్యాసమున విచారింప దలచితిమి.

మేమీ మాట యెత్తినప్పుడెల్ల మా మిత్రులలో కొందరు నవ్వుచుందురు. "ఎక్కుటకు చాలినన్ని బస్సులు లేక జనులు తలుపుకమ్ములు పట్టుకొని వ్రేలాడుచుండగా, మీకు అందము కావలసివచ్చెనా? మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగనూనె యన్నట్లున్నది" అని వారందురు. ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. బీదదేశమున ఒక రూపాయి అలంకారమునకు పోయినచో ఒక రూపాయి అవసరమునకు తగ్గునను భయము సహజమైనదే. సౌందర్యమనగా అలంకారమే యైనచో మేమును వారి పక్షముననే యుందుము. కాని సౌందర్యమనగా అలంకారమా? మా వాదమంతయు ఈ ప్రశ్నమీదనే యాధారపడియున్నది.

దానికి ముందు మఱియొక మాటను విడమరచి చెప్పుకొనుట మేలు. సుస్థిరమైన రవాణా యని నేడు పండితులు వాడుచున్న మాటకు అర్థమేమి? నేటి మన ప్రయాణ సౌకర్యమునకై రేపటి బిడ్డల గాలిని, నేలను, నీటిని తాకట్టు పెట్టకుండుట యని మేము చెప్పుకొందుము. ఇంధనమును మండించుటవలన లోకమున పుట్టుచున్న బొగ్గుపులుసు వాయువులో దాదాపు నాలుగవ వంతు రవాణావలననే పుట్టుచున్నది. ఏబదిమందిని మోయు ఒక్క బస్సు రోడ్డుపై ఆక్రమించు స్థలమెంత? ఆ యేబదిమందియు ఒకరో యిద్దరో చొప్పున కార్లలో బయలుదేరినచో ముప్పదికి పైగా కార్లు కావలయును. ఆ కార్లన్నియు నిలుచుటకే ఒక వీధి చాలదు. ఈ లెక్క మా మూడవ ఫారము బాలురును చేయగలరు. 2006లో భారత ప్రభుత్వము ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానమునందు, రోడ్డుపై చోటు వాహనములకు గాక మనుష్యులకు ఈయవలెనను సూత్రము చెప్పబడినది. 2015లో ఐక్యరాజ్యసమితి అంగీకరించిన లక్ష్యములలో పదునొకండవదియు 2030 నాటికి అందరికిని క్షేమమైన, అందుబాటైన రవాణా యుండవలెనని కోరుచున్నది. సూత్రములకు కొదువ లేదు. అయినను ఏటేట మన వీధులలో సొంత వాహనములే పెరుగుచున్నవి. కారణమేమి?

మనుష్యుడు లెక్కలను మాత్రమే చూచి ప్రయాణసాధనమును ఎన్నుకొనడు. తన్ను గౌరవించుదానిని ఎన్నుకొనును. ఎండలో నిలువబెట్టి, బురదలో నడిపించి, ఎప్పుడు వచ్చునో తెలియనీయక, ఏది యెచటికి పోవునో చదువనీయక యున్న బస్సును మనుష్యుడు సహించును గాని ప్రేమింపడు. సహించుటయు చేతిలో డబ్బు లేనంతవరకే. బస్సు బీదవాని గతి యని తలచినంతకాలము, బీదతనము తీరిన మరునాడే వాడు బస్సును విడుచును. మొదటి జీతముతో మోటారు సైకిలు కొనని యువకుడు మన యూళ్లలో ఎందరు? వానిని నిందించుట సులభము. వాడు విడిచిన బస్సు ఆగుచోటు ఎట్లున్నదో పోయి చూచుట కష్టము. కనుక సౌందర్యము ఇచట వినోదము కాదు. అందరికిని మేలైన ప్రయాణమును జనులు విధిలేక సహించుటకు మారుగా ఇష్టపడి ఎన్నుకొనునట్లు చేయు సాధనము.

మా కండ్లయెదుట జరిగిన సంగతి యొకటి చెప్పెదము. మా పాఠశాల ద్వారము ముందు రోడ్డున పూర్వము కానుగచెట్లును, రెండు పెద్ద నిద్రగన్నేరు చెట్లును ఉండెడివి. బస్సు ఆగుచోటని పలక యేదియు లేకున్నను, అందరును ఆ నిద్రగన్నేరు క్రిందనే నిలుచుచుండిరి. డ్రైవర్లును అచటనే ఆపుచుండిరి. కొన్నియేండ్లక్రిందట రోడ్డు వెడల్పు చేయుటకై ఆ చెట్లను కొట్టివేసిరి. వాటికి మారుగా ఇనుపకమ్ములతోను, మెరయు రేకుతోను ఒక విశ్రాంతిస్థలమును కట్టిరి. చిత్రపటమున అది చాల అందముగా నుండెనట. కట్టిన పిమ్మట చూడగా, పైకప్పు నీడ మధ్యాహ్నవేళ బల్లమీద పడక వెనుక మురుగుకాలువమీద పడుచున్నది. బల్ల లోహముతో చేసినది గనుక ఎండకు కాలి కూర్చుండ వీలుకాదు. బస్సు వచ్చు దిక్కున నిలువెత్తు ప్రకటనపలక యొకటి బిగించిరి. దానివలన వచ్చు బస్సు కానరాదు. ఒంటిపూట బడుల దినములలో పండ్రెండున్నర గంటలకు బడి విడిచినప్పుడు మా పిల్లలు ఆ బల్లను విడిచి, ప్రక్కనున్న మూసిన కొట్టు చూరుక్రింద గోడకు అంటుకొని నిలుచుందురు. బస్సు వచ్చుచున్నదో లేదో చూచుటకు ఒక్కొక్కరే రోడ్డుమీదికి వచ్చి తొంగిచూతురు. అట్లు తొంగిచూచిన మా రెండవ ఫారము బాలుని ఒక మోటారు సైకిలు కొట్టినది. కాలు విరిగి, రెండు మాసములు మంచముపట్టి, ఇప్పుడు బాగుగనే నడచుచున్నాడు. వాని తండ్రి ఆ మీదట వానిని బస్సున పంపుట మాని, అప్పుచేసి స్కూటరు కొని తానే దిగబెట్టుచున్నాడు. ఒక తప్పుడు నీడ ఒక కుటుంబమును బస్సునుండి ఎట్లు తరిమినదో చదువరులు గమనింతురు గాక.

ఆ విశ్రాంతిస్థలము అందవికారమైనదని మేమనుట దానికి రంగు చాలదని కాదు. అది తన పనిని చేయకపోవుటయే దాని వికారము. ఈ సంగతి తెలియవలెనన్నచో రాజమహేంద్రవరము పోయి గోదావరిపై కమాను వంతెనను చూడవలయును. 1997లో రైళ్లకు తెరచిన ఆ వంతెనను చూచుటకు జనులు గట్టున చేరుచుందురు; పటములు తీసికొందురు; ఆ యూరికి అదియే గురుతైనది. దానిపై ఒక పువ్వు గాని ఒక లత గాని చెక్కలేదు. ఆ కమానులు సొగసుకొఱకు పెట్టినవి కావు. బరువును మోయునవి అవియే. రైలు నడచు బాట వాటినుండి వ్రేలాడుచున్నది. కమాను ఇరుప్రక్కలకు తన్నుకొనకుండ ఆ బాటయే వింటినారివలె దానిని బిగించి పట్టుచున్నది. పని యెట్లు జరుగుచున్నదో కంటికి కనబడుటయే అచటి యందము. వంతెనకు అందమొక్కటి, బలమొక్కటి అని రెండు లేవు. సౌందర్యమనగా మా యుద్దేశ్యము ఇట్టిది.

పట్టణ రవాణాయందు ఈ సత్యమును తొలుత గ్రహించి పూర్తిగా నాచరించి చూపినవారిలో లండను నగరమునకు చెందిన ఫ్రాంక్ పిక్ అనునాతడు ముఖ్యుడు. ఇతడు చిత్రకారుడు కాడు, శిల్పి కాడు; న్యాయశాస్త్రము చదివినవాడు. 1906లో భూగర్భ రైల్వే కంపెనీలో చేరి, రెండేండ్లలో దాని ప్రచారపు పనిని చేపట్టెను. అప్పటి స్టేషనుల గోడలు సబ్బుల ప్రకటనలతోను, మందుల ప్రకటనలతోను నిండియుండెడివి. రైలు ఆగినప్పుడు ప్రయాణికుడు కిటికీలోనుండి చూచినచో ఆ ప్రకటనల నడుమ స్టేషను పేరు ఏదియో తెలియకుండెను. పిక్ ఏమిచేసెను? 1908లో నీలిపలకమీద స్టేషను పేరు వ్రాయించి, దాని వెనుక ఎఱ్ఱని వృత్తమొకటి పెట్టించెను. ప్రకటనలకు వేరుగా చోటు నిర్ణయించి ఆ హద్దు దాటనీయలేదు. దిగవలసిన చోటు తెలియక తొట్రుపడు ప్రయాణికునికై పుట్టిన ఆ గుండ్రని గురుతు, కొలది మార్పులతో నేడు లండను నగరమునకే గురుతుగా నిలిచినది. మా పాఠశాల ముందరి ప్రకటనపలకను తలచుకొన్నప్పుడెల్ల మాకీ కథ జ్ఞాపకము వచ్చుచుండును.

అంతటితో అతడు ఆగలేదు. స్టేషనులన్నిటను ఒకేరీతి అక్షరములుండవలెనని తలచి, ఎడ్వర్డ్ జాన్‌స్టన్ అను లేఖనకళా నిపుణునిచేత 1916లో క్రొత్త అక్షరములు వ్రాయించెను. అవి నిరాడంబరములై దూరమునుండియు తేటగా చదువదగియుండెను. చార్లెస్ హోల్డెన్ అను వాస్తుశిల్పిచేత స్టేషనులు కట్టించెను. వానిలో 1932లో కట్టిన ఆర్నోస్ గ్రోవ్ స్టేషను గుండ్రని ఇటుకకట్టడముతో నేటికిని పేరుపొందియున్నది. హారీ బెక్ అను చిత్తుపటములు గీయు ఉద్యోగి యొకడు ఇంతకంటె చిత్రమైన పని చేసెను. అంతకుముందు రైలుమార్గముల పటములు నేలపై నున్నవి యున్నట్లు వంకరటింకరగా గీయబడుచుండెను. నేలక్రింద పోవువానికి పైనున్న వంకరలతో పనియేమి, ఏ స్టేషను పిమ్మట ఏది వచ్చును, ఎచట రైలు మారవలయును అనునది చాలును గదా యని బెక్ తలచెను. నిలువుగీతలు, అడ్డగీతలు, నలువదియైదు డిగ్రీల ఏటవాలుగీతలు మాత్రమే వాడి 1931లో పటము గీసెను. అధికారులు మొదట దానిని నిరాకరించిరి. 1933లో ముద్రించి పంచగా జనులు మహానందముతో స్వీకరించిరి. నేడు లోకమందలి యనేక నగరముల రైలు పటములు ఆ పద్ధతినే యనుసరించుచున్నవి. మన హైదరాబాదు మెట్రో పటమును అట్టిదే. ఒక రూలుకఱ్ఱయు, నాలుగు రంగుల సిరాయు ఒక మహానగరమును సామాన్యునికి తేటపఱచినవి. దీనికైన వ్యయమెంత? సౌందర్యము ధనవంతుల వినోదమని చెప్పువారు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలయును.

లండను ధనిక నగరము గదా యని కొందరందురు. అట్లయిన బ్రెజిలు దేశమందలి కురితీబా నగరమును చూతము. 1971లో ఆ నగరమునకు మేయరైన జైమె లెర్నర్ వాస్తుశిల్పము చదివినవాడు. భూగర్భ రైలు వేయుటకు ఆ నగరమునకు ధనము చాలదు. అందుచేత 1974లో ప్రధాన వీధుల నడుమ బస్సులకు మాత్రమే ప్రత్యేకమైన బాటలను ఏర్పఱచిరి. 1991లో గాజుతో గొట్టమువంటి బస్సు స్టేషనులను కట్టించిరి. చూచుటకు అవి వింతగా నుండును. కాని ఆ వింతయంతయు పనికై పుట్టినది. లోనికి వచ్చునప్పుడే టిక్కెట్టు కొనుటచేత బస్సు ఎక్కునప్పుడు ఆలస్యము లేదు. స్టేషను నేలయు బస్సు నేలయు ఒకే యెత్తున నుండుటచేత ముసలివారును, చక్రముల కుర్చీలో కూర్చున్నవారును మెట్టెక్క బనిలేక లోనికి పోగలరు. రైలునకు గల గౌరవమును బస్సునకు కల్పించుటయే ఆ గాజుగొట్టము చేసిన మేలు. ఆ నగరముననే 1972లో ప్రధానమైన అంగళ్లవీధిని నడచువారికి మాత్రమే విడిచిరి. వర్తకులు మొదట బేరములు చెడునని యెదిరించిరి. పిదప తమ వీధులనుగూడ అట్లే చేయుమని కోరిరి. స్వీడను దేశపు స్టాక్‌హోము నగరమున 1957 మొదలుగా భూగర్భ రైలు స్టేషనులను చిత్రకారులకును శిల్పులకును అప్పగించుచు వచ్చిరి. నూఱు స్టేషనులలో తొంబదికి మించి నేడు కళాశాలలవలె నున్నవి. నిత్యము పనికి పోవు కూలివాడు ప్రవేశరుసుము లేక చూడగల చిత్రశాల అది.

పరదేశముల మాట యటుండనిండు. మన చరిత్రయందే యీ జ్ఞానము లేకపోలేదు. 1591లో కట్టిన చార్మినారు నాలుగు దిక్కులకును నాలుగు కమానులు తెరచి, నాలుగు రాచబాటలకు నడుమ నిలిచినది. అది కట్టడము మాత్రమే కాదు, పురమునకు దిక్సూచి. దారి తప్పినవాడు తలయెత్తి చూచినచో తానున్న చోటు తెలియును. 1908లో మూసీనది వరదలు హైదరాబాదును ముంచిన పిమ్మట 1912లో నగరాభివృద్ధి సంఘమును స్థాపించిరి. ఆ సంఘమువారి కాలమున పత్తర్‌గట్టీ వీధిని వెడల్పు చేయునప్పుడు, ఇరుప్రక్కల రాతి కమానుల వరుసతో అంగళ్లు లేచినవి. రోడ్డు వెడల్పు చేయుటయనగా ఉన్నదానిని కూలద్రోయుట మాత్రమే కాదనియు, వీధికి ఒక ముఖము కల్పించుట యనియు నాటివారికి తెలిసియుండెను.

నేటి హైదరాబాదు మెట్రో రైలు 2017 నవంబరు 29వ తేదీన ప్రజలకు తెరువబడినది. 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గములు, 57 స్టేషనులు, దాదాపు 69 కిలోమీటర్లుగా విస్తరించినది. దానివలని మేలును మేము తక్కువచేయము. శుభ్రమైన పెట్టెలు, వేళకు వచ్చు బండ్లు, చదువదగిన పలకలు, మాతృభాషలో ప్రకటనలు. ఇవి యున్నచోట మన జనులు వరుసలో నిలుచుటయు, ఉమ్మివేయకుండుటయు మేము స్వయముగా చూచితిమి. మనవారికి శుభ్రత తెలియదని నిందించువారికి అదియే ప్రత్యుత్తరము. గౌరవించిన స్థలమును జనులు గౌరవింతురు. కాని ఆ రైలు ఎత్తైన స్తంభములపై నడచుటచేత, శాసనసభ భవనము ముందును, సుల్తాన్ బజారునను ప్రాచీన వీధుల రూపము చెడునని పురచరిత్రాభిమానులును, వర్తకులును ఆక్షేపించిరి. చర్చలు చాలకాలము జరిగినవి. తుదకు శాసనసభ ముందు 2018లోను, సుల్తాన్ బజారున 2020లోను రైలు ఎత్తైన మార్గముననే నడచినది. భూగర్భమార్గమునకు వ్యయము పలురెట్లు హెచ్చు గనుక ఇరుపక్షములందును కొంత న్యాయము కలదు. ఎవరిది తప్పని తీర్పు చెప్పుట మా పని కాదు. అయితే మేము నేర్చుకొనవలసిన పాఠమొకటి కలదు. కంటికి సంబంధించిన ప్రశ్నను స్తంభములు లేచిన పిమ్మట కాక, కాగితముపై మొదటి గీత గీయునాడే యడుగవలయును. మొదట అడిగిన ప్రశ్నకు ఒక రబ్బరుముక్క చాలును. చివర అడిగిన ప్రశ్నకు కోట్లు చాలవు.

ఇంకొక సంగతి. ఏ నగరముననైనను రైలు ఎంత చక్కనిదైనను, దిగిన ప్రయాణికుడు తుదకు కాలినడకనే పోవలయును. మెట్లు దిగినతోడనే కాలిబాట లేక, ఉన్నను రాళ్లు లేచి, మధ్యలో విద్యుత్స్తంభమో, నిలిపిన వాహనమో అడ్డమైనచో, ఆ ప్రయాణము సగముననే విరిగినట్లు. కేంద్ర రహదారి రవాణా శాఖవారి లెక్కలప్రకారము 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములవలన మరణించినవారు 1,68,491 మంది. వారిలో 32,825 మంది కాలినడకన పోవుచుండినవారు. అనగా దినమునకు దాదాపు తొంబదిమంది. ఈ దుఃఖము ముందు సౌందర్యమను మాట యెత్తుట తగునా యని సందేహింపవచ్చును. తగునని మా నిశ్చయము. ఎడతెగక సమముగా సాగిన కాలిబాట, ఇరుప్రక్కల చెట్లనీడ, దాటుటకు తేటగా గీచిన చారలు, రాత్రి ముఖము కనబడునంత దీపము. ఇవి చూచుటకు అందమైనవి, నడచుటకు క్షేమమైనవి. అందము వేరు, క్షేమము వేరు అని విడదీయుట ఇచటను సాధ్యము కాదు.

ఇక కపటసౌందర్యమును గూర్చి హెచ్చరింపక తప్పదు. నేడు అనేక పట్టణములలో సుందరీకరణమను పేర జరుగు పనులను చూడుడు. దీపస్తంభములకు రంగురంగుల వెలుగుతీగలు చుట్టుదురు. ఫ్లైఓవరు స్తంభములకు బొమ్మలు వ్రాయింతురు. కూడలియందు నీరు చిమ్ము బొమ్మను నిలుపుదురు. ఆ కూడలిని దాటుటకు ముసలమ్మకు మాత్రము దారి యుండదు. పైన పటారము, లోన లొటారము అనుట దీనికే చెల్లును. బొమ్మలు వ్రాయుట దోషమని మేమనము. స్టాక్‌హోము కథ చెప్పినవారము మేమే. చేయవలసిన పనిని కప్పిపుచ్చుటకు వ్రాసిన బొమ్మయే దోషము.

అంతకంటె క్రూరమైనది మఱియొకటి కలదు. వీధి అందముగా కనబడవలెనని పూలమ్ముకొను స్త్రీని, జామకాయల బండివానిని, చెప్పులు కుట్టువానిని తరిమివేయుట. వీరు వీధికి మచ్చలని తలచువారు ఒకనాటి రాత్రి జనములేని బస్సుస్టాపున ఒంటరిగా నిలిచి చూడవలయును. దీపముపెట్టుకొని కూర్చున్న ఒక్క వేరుసెనగల బండి ఆ చోటికి ఎంత ధైర్యమో అప్పుడు తెలియును. 2014లో వచ్చిన వీధి వర్తకుల చట్టము వారి జీవనమునకు రక్షణ కల్పించి, వారికి తగిన చోటు చూపవలెనని చెప్పినది. వారికి చోటు నిర్ణయించి, నడచువారి బాటకు అడ్డములేకుండ సర్దుట నిజమైన సౌందర్యదృష్టి. బీదవానిని కనబడకుండ చేయుట సౌందర్యము కాదు.

మా మిత్రుల యాక్షేపణకు తిరిగి వత్తము. బస్సులు చాలవు, ముందు అవి తెండు అని వారన్నమాట సత్యము. రాని బస్సుకై కట్టిన విశ్రాంతిస్థలము ఎంత అందమైనదైనను నిష్ప్రయోజనమే. తెలంగాణమున 2023 డిసెంబరునుండియు, ఆంధ్రదేశమున 2025 ఆగస్టునుండియు స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణము కల్పింపబడినది. బస్సులలో రద్దీ పెరిగినది. మఱిన్ని బస్సులు కావలయుననుటలో వివాదము లేదు. కాని మేమడుగునది ఇంతే: వచ్చు బస్సు ముందరి పలకమీది పేరు దృష్టి మందగించిన తాతకుగూడ చదువ వీలగునట్లు వ్రాయుటకు అధికవ్యయమగునా? మెట్టు ఎత్తు తగ్గించుట అలంకారమా? నిలుచుచోట నీడ ఏ గంటకు ఎచట పడునో ముందుగా చూచుకొని కప్పు వేయుటకు, తప్పుగా వేసినదానికంటె ఎక్కువ ఖర్చగునా? ఒక కానుగమొక్క వెల ఎంత? దానికి రెండు మూడు వేసవులు నీళ్లు పోసి కాపాడుటయే అసలు వెల. మనకు లోపించినది ధనముకంటె శ్రద్ధ. కట్టునాడు పూలమాలలు, కట్టిన మరునాటినుండి ఉపేక్ష. ఇది మన వ్యాధి. నిత్యము తుడిచిన సాదాగచ్చు, తుడువని పాలరాతికంటె అందమైనది.

కావున పురపాలకులకు మా విన్నపములు స్వల్పములు. రోడ్డు వెడల్పు చేయునప్పుడు చెట్టును లెక్కలో మొదట వ్రాయుడు, చివర కాదు. బస్సు ఆగుచోటును గీయు ఇంజనీరు ఒక వేసవి మధ్యాహ్నము అరగంట అచట నిలువవలయునని నియమము పెట్టుడు. వచ్చు బస్సును మరుగుపఱచు ప్రకటనలను తొలగింపుడు. ప్రతి ప్రణాళికా సంఘమునందును లెక్కలు చూచువానితోపాటు చూపు గలవానిని ఒకనిని కూర్చుండబెట్టుడు. నడచిపోవు స్త్రీని ఒకతెను, చక్రముల కుర్చీవానిని ఒకనిని తప్పక పిలువుడు. చూపనగా ఏమో వారికంటె బాగుగ నెవ్వరును చెప్పలేరు.

విద్యార్థులారా, ఈ పత్రికను మొదట చదువువారు మీరే గనుక మీతో రెండు మాటలు చెప్పి ముగింతుము. చిత్రలేఖనపు గంటను మీలో పలువురు ఆటగంటగా తలచుచున్నారు. హారీ బెక్ గీసిన గీతలు మీ జామెట్రీ పెట్టెలో నున్న పనిముట్లతో గీయవచ్చును. మన యూరి బస్సులు ఏయే వీధులగుండ పోవునో, ఎచటెచట ఆగునో తెలుపు పటము ఇంతవరకు లేదు. ఈ సంవత్సరము నాలుగవ ఫారమువారు దానిని గీయుటకు పూనుకొనిరి. మూడు రంగులు, తిన్నని గీతలు, తేటయైన తెలుగు అక్షరములు. అంతకుమించి మేమేమియు కోరలేదు. మొదటి ప్రతిలో రెండు స్టాపులు తారుమారైనవి. ఒక కండక్టరు చూచి నవ్వుచు దిద్దినాడు. రెండవ ప్రతి సిద్ధమగుచున్నది. పాఠశాల ముందు నాటిన ఆరు కానుగమొక్కలలో రెండు మేకల పాలైనవి, నాలుగు బ్రదికియున్నవి. వాటికి నీళ్లు పోయు వంతు పట్టిక మెట్లప్రక్క గోడమీద వ్రేలాడుచున్నది. మీ పేరు ఏ వారమున నున్నదో చూచుకొనుడు. బస్సు బల్లమీద పేరు చెక్కుటకు మీ చేయి లేచినప్పుడు, ఆ బల్లమీద రేపు కూర్చుండువాడు మీ తమ్ముడని తలచుకొనుడు.

ఆ మొక్కలు నీడనిచ్చునాటికి మీరు ఈ పాఠశాలను విడిచి పోయియుందురు. అచట నిలిచి బస్సుకై యెదురుచూచు పిల్లలకు మీ పేరులు తెలియవు. అయినను నీరు పోయుడు.